మధ్యధరా ఆకుల డైరీ: తొమ్మిది కుండీలు, ఇరవై ఆరు వారాలు

మొదలుపెట్టే ముందు

ఎండబెట్టిన బేసిల్ సీసా మూత తీస్తే ఎండుగడ్డి వాసన వస్తుంది. పచ్చి బేసిల్ ఆకును వేళ్ల మధ్య నలిపితే లవంగం, నిమ్మ, మిరియం కలిసి ఒక్కసారిగా తగులుతాయి. ఈ రెండింటినీ ఒకే పేరుతో పిలవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉండేది. పచ్చిది కొని వాడదామంటే, కట్టలో రెండు రెమ్మలు వాడేలోగా మిగిలినవి ఫ్రిజ్‌లో నల్లబడిపోయేవి. అందుకే ఈ ప్రాజెక్టు. మధ్యధరా తీరాల వంటలో వాడే ఆకులను కుండీల్లో పెంచడం, మంచి రకాలను వెతికి తెచ్చుకోవడం, కోసిన రోజే వండడం.

రోజ్‌మేరీ, థైమ్, ఒరేగానో, సేజ్, బే అనే చెట్టు, బేసిల్, పార్స్లీ, డిల్, పుదీనా. మొత్తం తొమ్మిది కుండీలు. గడువు ఇరవై ఆరు వారాలు. పెట్టుకున్న నియమాలు రెండే. చేసిన ప్రతి మార్పునూ వారం సంఖ్య వేసి రాయాలి. చచ్చిపోయిన మొక్కను పారేసే ముందు దాని వేరు చూడాలి. ఆ రెండో నియమమే నాకు ఎక్కువ నేర్పింది.

1వ వారం

తొమ్మిదింటికీ ఒకే మట్టి కలిపాను. తోటమట్టి ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు, వర్మీకంపోస్టు ఒక పాలు. గుప్పిట్లోకి తీసుకుంటే నల్లగా, మెత్తగా, తేమగా ఉంది. ఇంత సారవంతమైన మట్టిలో ఏ మొక్కయినా హాయిగా బతుకుతుందని నమ్మాను.

బేసిల్, పార్స్లీ, డిల్, థైమ్ గింజల నుంచి. మిగిలినవి మొక్కలుగానే కొన్నాను. రోజ్‌మేరీని గింజ వేసి పెంచాలంటే చాలా కాలం పడుతుంది, మొలిచేవి కూడా కొన్నే. బే అంతకన్నా నిదానం.

గింజలు వేయడంలోనే ఒక్కో మొక్క స్వభావం బయటపడుతుంది. బేసిల్ గింజకు తడి తగిలిన కొద్ది నిమిషాల్లోనే చుట్టూ పారదర్శకమైన జిగురు పొర ఉబ్బింది. మొలక వచ్చేదాకా తేమను పట్టి ఉంచుకునే ఏర్పాటు అది. థైమ్ గింజలు దుమ్ములా ఉన్నాయి, ఒక గ్రాములో కొన్ని వేలు ఉంటాయి. వాటికి వెలుతురు కావాలి కనుక మట్టి కప్పకుండా పైపైన చల్లి, అరచేత్తో మెల్లగా అదిమాను. పార్స్లీ గింజలను గోరువెచ్చని నీళ్లలో ఒక రాత్రంతా నానబెట్టి వేశాను. మొలకెత్తడాన్ని ఆలస్యం చేసే పదార్థాలు ఆ గింజలోనే ఉంటాయి. నానబెడితే వాటిలో కొంత కడిగిపోతుంది.

3వ వారం

బేసిల్ ఆరో రోజున మొలిచింది. డిల్ తొమ్మిదో రోజున. థైమ్ పదహారో రోజున పచ్చటి నూగులా కనిపించింది. పార్స్లీ మాత్రం పంతొమ్మిదో రోజుకు గానీ మెడ వంచుకుని బయటికి రాలేదు. రెండు వారాలు దాటాక కుండీ తవ్వి చూడాలని చేయి లాగింది, ఆగాను. పార్స్లీకి మూడు నాలుగు వారాలు పట్టడం మామూలే. ఈ ఆకును పెంచాలనుకునే వారెవరైనా ఆ కాలమంతా మట్టి పైపొర ఒక్కసారి కూడా ఎండకుండా చూసుకోవాలి.

4వ వారం: రోజ్‌మేరీ పోయింది

కొసలు గోధుమరంగుకు తిరిగాయి. రెమ్మలు వాలాయి. వాలిన మొక్కను చూడగానే దాహమేసిందనుకుని నీళ్లు పోశాను. మర్నాటికి ఇంకా వాలింది, మళ్లీ పోశాను. మూడో రోజు కుండీ ఎత్తితే రాయిలా బరువుగా ఉంది. అప్పుడు తట్టింది: ఇంత తడిలో నిలబడి కూడా మొక్క వాలిపోతోందంటే, అది నీళ్లు తాగలేకపోతోందన్నమాట.

నియమం ప్రకారం కుండీ బోర్లించి వేరు చూశాను. తెల్లగా, గట్టిగా ఉండవలసిన వేళ్లు గోధుమరంగులో మెత్తబడి, పట్టుకుంటే పైతొడుగు జారిపోతోంది. పుల్లటి బురద వాసన. వేరుకుళ్లు. మట్టి రేణువుల మధ్య గాలి ఉండవలసిన చోటంతా నీరు నిలిచి, వేళ్లకు ఊపిరి అందలేదు. నేను ఎంతో ఇష్టంగా కలిపిన మట్టే దాన్ని చంపింది.

పైభాగంలో ఇంకా పచ్చగా ఉన్న, పూత రాని లేత కొసలు ఆరు దొరికాయి. ఒక్కొక్కటీ పది సెంటీమీటర్ల పొడవున, కణుపు కింద కత్తిరించి, దిగువ సగం ఆకులు తీసేసి, ముతక ఇసుక ఎక్కువగా ఉన్న మట్టిలో గుచ్చాను. ఎండ నేరుగా పడని వెలుతురులో పెట్టాను. ఈ ఆరింటి మీదే ఆశ.

5వ వారం: కొండ వరుస, తోట వరుస

ఈ వారం మొక్కల కంటే ఎక్కువగా వాటి పుట్టిన నేలలతో గడిపాను. మధ్యధరా వాతావరణమంటే శీతకాలంలో వాన, వేసవిలో మండే ఎండ, ఆ వేసవిలో చుక్క వాన ఉండదు. లోకంలో ఎక్కువ చోట్ల మొక్కకు వేడి, నీరు ఒకే కాలంలో దొరుకుతాయి. అక్కడ మాత్రం ఎండ ఉన్నప్పుడు నీరు లేదు, నీరు ఉన్నప్పుడు ఎండ తక్కువ. ఇలాంటి వాతావరణం మధ్యధరా సముద్రం చుట్టూ కాక కాలిఫోర్నియాలో, మధ్య చిలీలో, దక్షిణాఫ్రికా కేప్ ప్రాంతంలో, ఆస్ట్రేలియా నైరుతి, దక్షిణ తీరాల్లో మాత్రమే ఉంది.

దక్షిణ ఫ్రాన్స్‌లో సున్నపురాయి గుట్టల మీద పెరిగే పొదల నేలను గారిగ్ అంటారు. థైమ్, రోజ్‌మేరీ అక్కడివి. పిడికెడు మట్టి, మిగిలినదంతా రాయి. పడిన వాన నిమిషాల్లో కిందికి జారిపోతుంది. ఆ సంగతి తెలిశాక రోజ్‌మేరీ ఆకును మళ్లీ చేతిలోకి తీసుకుని చూస్తే ప్రతి వివరానికీ అర్థం కనిపించింది. సూదిలా సన్నటి ఆకు, కిందికి ముడుచుకున్న అంచులు, అడుగున తెల్లటి నూగు. ఇవన్నీ తేమను దాచుకునే ఉపాయాలే. సేజ్ ఆకు మీది బూడిదరంగు నూగు కూడా అందుకే.

వాసన సంగతి కూడా ఆ గుట్టల మీదే తేలుతుంది. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో థైమ్ ఆకును చూశాను. ఆకు మీద మెరిసే చిన్న చిన్న బిందువులు. అవి నూనె గ్రంథులు. కరువు నేలలో ఒక్క ఆకు పోయినా మళ్లీ తెచ్చుకోవడం కష్టం. అందుకే మేకలు, పురుగులు దగ్గరికి రాకుండా మొక్క ఈ ఘాటైన నూనెలను తయారు చేసుకుంటుంది. మనం వంటలో ఇష్టపడే పరిమళం దాని కాపలా. ఎరువూ నీరూ దండిగా పోస్తే ఆకులు పెద్దవవుతాయి, ఏపుగా పెరుగుతాయి, వాసన మాత్రం పలచబడుతుంది. నా థైమ్ నారు నల్లటి మట్టిలో ఎంతో ఆరోగ్యంగా ఉంది. నలిపి చూస్తే గడ్డి నలిపినట్టే ఉంది.

అందుకని కుండీలను రెండు వరుసలుగా విడదీశాను. కొండ వరుసలో థైమ్, ఒరేగానో, సేజ్, బే, బతికితే రోజ్‌మేరీ. తోటమట్టి రెండు పాళ్లు, ముతక ఇసుక రెండు పాళ్లు, కంపోస్టు అర పాలు, పైన సున్నపురాయి చిప్స్ ఒక పొర. మట్టి కుండీలు మాత్రమే, ఎందుకంటే వాటి గోడల గుండా తేమ ఆరుతుంది. రోజులో ఎక్కువసేపు ఎండ పడే చోట పెట్టాను. వేలు రెండు కణుపుల దాకా గుచ్చి, పొడిగా తగిలితేనే నీళ్లు. పోసినప్పుడు అడుగు రంధ్రం నుంచి కారేదాకా పోయాలి, ఆ తర్వాత మళ్లీ ఎండనివ్వాలి. బే మాత్రం ఈ వరుసలో కాస్త మెత్తనిది, దానికి కంపోస్టు ఒక పాలు వేశాను.

తోట వరుసలో బేసిల్, పార్స్లీ, డిల్, పుదీనా. వీటికి పాత మట్టే. తేమ ఆరకూడదు. బేసిల్ నిజానికి మధ్యధరా మొక్క కానే కాదు. ఉష్ణమండల ఆసియా నుంచి అక్కడికి వెళ్లి, మనుషుల తోటల్లో నీళ్లు పోయించుకుని స్థిరపడింది. మన తులసికి దగ్గరి చుట్టం. పది డిగ్రీల కంటే చలి తగిలితే ఆకు దెబ్బతింటుంది. ఫ్రిజ్‌లో నా కట్టలు ఎందుకు నల్లబడ్డాయో ఇప్పుడు తెలిసింది.

7వ వారం: వాసన లేని ఒరేగానో

ఒరేగానో అని చీటీ కట్టి అమ్మిన మొక్క బాగా పాకింది. లేత గులాబీ మొగ్గలు కూడా వేసింది. ఆకు నమిలితే ఏమీ లేదు. మట్టి మార్చి రెండు వారాలైనా మార్పు లేదు. ఇది పెంపకం లోపం కాదనిపించి, ఈసారి వేరే నర్సరీకి వెళ్లాను. అక్కడ ముప్ఫై ఏళ్లుగా నారు పోస్తున్న పెద్దాయన నేను తీసుకెళ్లిన రెమ్మను వాసన చూసి పక్కన పెట్టారు.

"చీటీ చూసి కాదమ్మా, ఆకు నలిపి చూసి కొనండి. గింజల నుంచి వచ్చినవైతే పది మొక్కలు పది రకాలుగా ఉంటాయి. మీకు నచ్చినదాని కొమ్మ నాటినదే తీసుకోండి."

అక్కడున్న పద్నాలుగు ఒరేగానో కుండీలనూ వరుసగా నలిపి చూశాను. మూడింటిలో నాలుక మొద్దుబారేంత ఘాటు ఉంది. ఆకు చిన్నది, నూగు ఎక్కువ, పువ్వు తెల్లనిది. అది గ్రీకు ఒరేగానో, అదే జాతిలోని ఒక ఉపజాతి. ఆ ఘాటు కార్వాక్రాల్ అనే పదార్థానిది. నేను మొదట కొన్నది అదే జాతికి చెందిన సాధారణ రకం, చూడడానికి అందమైనదే గానీ వంటకు పనికిరాదు.

థైమ్ విషయంలో ఇంకా ఆశ్చర్యం. దక్షిణ ఫ్రాన్స్‌లో మోంపెలియే నగరానికి ఉత్తరాన, సాఁ మార్తాఁ ద లోంద్ర్ లోయ చుట్టుపక్కల కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఒకే జాతి థైమ్ వేర్వేరు నూనెలతో పెరుగుతుంది. ఆ దేశపు అడవి థైమ్‌లో ఇలాంటి రకాలు ఆరు గుర్తించారు. శీతకాలపు గడ్డకట్టే చలి చేరే లోయ అడుగున లినలూల్ వంటి మెత్తటి వాసనల రకాలు, చుట్టూ ఉన్న రాతి వాలుల మీద థైమాల్, కార్వాక్రాల్ వంటి ఘాటైన రకాలు. మొక్క పేరు ఒక్కటే, ముక్కుకు తగిలేది మాత్రం వేరు. థైమాల్‌ను తెలుగులో వాముపువ్వు అంటాం, వాములోనూ ఉండేది అదే. ఘాటైన థైమ్ నలిపితే వాము గుర్తుకు రావడం భ్రమ కాదన్నమాట.

ఇప్పుడు పేరు చదివే ముందు ఆకు నలుపుతున్నాను. అలాగే దుకాణాల్లో అమ్మే బేసిల్ కుండీ కొనే వారికి ఒక మాట. దట్టంగా కనిపించేది ఒక మొక్క కాదు, ఇరుకుగా పెంచిన పదిహేనో ఇరవయ్యో మొలకలు. అలాగే ఉంచితే ఒకదాన్నొకటి నొక్కుకుని కొద్ది వారాల్లో పోతాయి. తడిపి, వేళ్లు తెగకుండా నాలుగైదు గుత్తులుగా విడదీసి వేరే కుండీల్లో నాటితే నెలల తరబడి ఉంటాయి.

9వ వారం

రోజ్‌మేరీ కొమ్మలు ఆరింటిలో రెండు ఎండిపోయాయి. నాలుగింటిని మెల్లగా లాగితే పట్టు తగిలింది. వేరు పట్టింది! కొండ మట్టిలోకి మార్చాను.

బేసిల్ ఇరవై సెంటీమీటర్లు ఎదిగింది. కింది నుంచి ఒక్కో ఆకు తుంచడం మానేసి, పై కొసను రెండు ఆకుల కణుపుకు సరిగ్గా పైన గిల్లేశాను. అక్కడి నుంచి రెండు కొమ్మలు వస్తాయి. వాటిని గిల్లితే నాలుగు. మొగ్గ కనిపించిన రోజే తీసేయాలి. పూతకు వస్తే కొత్త ఆకులు తగ్గిపోతాయి, ఉన్న ఆకుల రుచి మారుతుంది. కోయడమే ఈ మొక్కకు పెంపకం.

11వ వారం: పెస్తో

ఈ ఒక్క వంటకం కోసమే అయినా బేసిల్ పెంచవచ్చు. ఇటలీలో లిగూరియా తీరం, జెనోవా నగరం దీని సొంతూరు. అక్కడి బేసిల్‌కు 2005 నుంచి ఐరోపా సంఘం పుట్టిన ప్రాంతపు రక్షణ గుర్తింపు ఉంది. ప్రా అనే పేటలో పెంచే ఆకును మొక్క చిన్నగా ఉండగానే వేరుతో సహా పీకుతారు. ఆకు లేతగా, గిన్నెలా వంగి ఉంటుంది. పెస్తో అనే మాటకు దంచినది అనే అర్థం. దంచడానికి అక్కడ పాలరాతి రోలు, చెక్క రోకలి వాడతారు.

నేను రెండుసార్లు చేశాను, ఒకసారి మిక్సీలో, ఒకసారి రోట్లో. కొలతలు రెండింటికీ ఒకటే: లేత ఆకులు యాభై గ్రాములు, వెల్లుల్లి ఒక రెబ్బ, పైన్ గింజలు పదిహేను గ్రాములు, పార్మిజానో చీజ్ తురుము ముప్ఫై అయిదు గ్రాములు, గొర్రెపాల పెకొరీనో పదిహేను గ్రాములు, ఆలివ్ నూనె అరవై మిల్లీలీటర్లు, రాతి ఉప్పు చిటికెడు. మిక్సీ బ్లేడు వేడికి, వేగానికి ఆకు క్షణంలో ముదురాకుపచ్చగా మారి, కోసిన గడ్డి రుచి వచ్చింది. రోట్లో ముందు వెల్లుల్లి, ఉప్పు నలిపి, తర్వాత ఆకులను కొంచెం కొంచెంగా వేస్తూ, రోకలిని పైనుంచి బాదకుండా రోలు గోడకేసి తిప్పుతూ నూరాను. ముతక ఉప్పే ఆకును కోస్తుంది. గింజలు, చీజ్, చివర నూనె. ఇరవై నిమిషాలు పట్టింది. రంగు లేతగా ఉంది, లవంగపు తీపి వాసన నిలిచింది. పొయ్యి దగ్గరికి మాత్రం తీసుకెళ్లకూడదు. ఉడికిన పాస్తాలో, పాస్తా ఉడికించిన నీళ్లు రెండు చెంచాలు పోసి, మంట ఆపిన గిన్నెలోనే కలపాలి.

అక్క తిని, "ఇందులో లవంగం వేశావా?" అని అడిగింది. వేయలేదు. లవంగానికి ఆ వాసన ఇచ్చే యూజినాల్ బేసిల్‌లోనే ఉంది.

13వ వారం: వెతుకులాటకు హద్దులు

అడవిలో, గట్ల మీద పెరిగే ఆకులను ఏరుకోవడం మధ్యధరా వంటలో పాత అలవాటు. సిసిలీలో సార్డీన్ చేపల పాస్తాకు కొండల్లో పెరిగే అడవి సోంపు ఆకే కావాలి. ఆ ఆకర్షణ నాకూ ఉంది. అయినా పార్స్లీ, డిల్, సోంపుల కుటుంబపు మొక్కలను గుర్తు తెలియకుండా ఎక్కడా కోయనని రాసి పెట్టుకున్నాను. అదే కుటుంబంలో హెమ్లాక్ ఉంది. క్రీ.పూ. 399లో ఏథెన్స్‌లో సోక్రటీస్ తాగిన విషం దాని నుంచి తీసినదేనని చెబుతారు. చీలిన ఆకు పార్స్లీని, తెల్లటి గొడుగు పూలగుత్తి మరెన్నో మంచి మొక్కలను పోలి ఉంటుంది. నున్నటి కాండం మీద ఊదారంగు మరకలు, నలిపితే ఎలుకల కంపు దాని గుర్తులు. ఆ గుర్తులు అనుభవమున్నవారి పక్కన నిలబడి నేర్చుకోవలసినవి, ఫొటో చూసి కాదు.

రెండో హద్దు మొక్క కోసం. జాతర్ అని అరబ్బీలో పిలిచే అడవి ఒరేగానోను విపరీతంగా కోయడం వల్ల ఇజ్రాయెల్ 1977లో దాన్ని రక్షిత మొక్కల జాబితాలో చేర్చింది. తరతరాలుగా దాన్ని ఏరుకుంటూ వచ్చిన పాలస్తీనా కుటుంబాలకు ఆ నియమం పెద్ద బాధగా మారింది. గ్రీసులోని క్రీట్ ద్వీపపు కొండచరియల్లో మాత్రమే సహజంగా పెరిగే డిట్టనీ అనే మరో ఒరేగానో జాతిని కోయడానికి మనుషులు ప్రాణాలకు తెగించి చరియలెక్కేవారు. ఇప్పుడు దాన్ని పొలాల్లోనూ సాగు చేస్తున్నారు. మంచి కొమ్మ ఒకటి సంపాదించి కుండీలో నాటుకుంటే, కొండ మీది మొక్కను కొండకే వదిలేయవచ్చు.

15వ వారం

వరుసగా నాలుగు రోజులు వాన. కొండ వరుసను చూరు కిందికి మార్చాను. పుదీనాకు పండగ. కుండీ అడుగు రంధ్రంలోంచి వేరు బయటికి వచ్చి పక్క కుండీలోకి పాకబోయింది, కత్తిరించాను. పుదీనా ఎప్పటికీ ఒంటరి కుండీలోనే ఉండాలి. బేసిల్ ఆకుల వెనక పేనుబంక కనిపించింది. నీటిధారతో కడిగితే మూడు రోజుల్లో పోయింది. తినే ఆకు మీద అంతకు మించి ఏదీ చల్లదలచుకోలేదు.

డిల్ పూతకు వచ్చేసింది. దాని ఆయుష్షు అంతే, మూడు వారాలకోసారి కొత్త గింజలు వేస్తూ ఉండాలి.

17వ వారం: బంగాళదుంపల పరీక్ష

అయిదో వారంలో కుండీలను రెండు వరుసలుగా విడదీసినప్పటి నుంచి ఒక ఊహ మనసులో ఉంది. ఎండలో, రాతిలో పెరిగినది మంటకు కూడా ఓర్చుకుంటుందేమో, తేమలో పెరిగినది ఓర్చుకోదేమో. పరీక్షించడానికి బంగాళదుంపలు తీసుకున్నాను, వాటికి సొంత రుచి తక్కువ కాబట్టి. ముక్కలను ఆలివ్ నూనె, ఉప్పుతో నలభై నిమిషాలు ఓవెన్‌లో వేయించాను. ఆరు చిన్న పళ్లేలు. మూడింటిలో థైమ్, మూడింటిలో పార్స్లీ. ఒక్కో ఆకును ఒక పళ్లెంలో మొదట్లో, ఒకదానిలో చివరి పది నిమిషాల్లో, మరొకదానిలో బయటికి తీశాక వేశాను.

మొదట్లో వేసిన థైమ్ దుంప లోపలికి దిగింది. నూనె అంతా ఆ వాసనే. చివర్లో వేసినది పైపైన ఘాటుగా, నోట్లో పుల్లల్లా తగిలింది. పార్స్లీది సరిగ్గా దీనికి తిరుగు. మొదట వేసినది నల్లటి కాగితం ముక్కలయింది, దుంపకు ఇచ్చింది చేదు మాత్రమే. బయటికి తీశాక చల్లినది పచ్చగా, తాజాగా ఉంది. దానికి నిమ్మ తొక్క తురుము, సన్నగా తరిగిన వెల్లుల్లి కలిపితే మిలాన్ వాళ్ల గ్రెమొలాతా. ఎంత బరువైన మాంసపు కూర మీద చల్లినా దానికి ప్రాణం వస్తుంది.

కారణం కొంతవరకు ఆకు గట్టిదనం. తోలులాంటి ఆకు నూనెను నిదానంగా వదులుతుంది. థైమాల్ మరిగేది 232 డిగ్రీల దగ్గర, కనుక అది త్వరగా ఎగిరిపోదు. ఈ వాసనలన్నీ నీటిలో కన్నా కొవ్వులో బాగా కరుగుతాయి. అందుకే కొండ వరుస ఆకులను ముందు గోరువెచ్చటి ఆలివ్ నూనెలో ఒక నిమిషం ఉంచుతున్నాను. బేకు ఇంకా ఓపిక కావాలి. దాని నూనె గదులు ఆకు పైన కాక లోపలి కండలో ఉంటాయి, గంటసేపు సన్నమంట మీద మరిగితే తప్ప బయటికి రావు.

పార్స్లీని ఇన్నాళ్లూ పైన చల్లే అలంకారంగానే చూశాను. తబ్బూలె చేశాక ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. లెబనాన్, సిరియాల ఈ వంటకంలో నూటయాభై గ్రాముల పార్స్లీకి గోధుమ నూక రెండు చెంచాలే. ఆకును పదునైన కత్తితో ఒక్కసారే సన్నగా కోయాలి. మొండి కత్తితో మళ్లీ మళ్లీ తరిగితే నలిగి నీరు కారుతుంది. కడిగాక పూర్తిగా ఆరబెట్టడం కూడా అంతే ముఖ్యం.

20వ వారం

సేజ్ ఆకు పచ్చిగా తింటే కర్పూరం నమిలినట్టుంటుంది, నాకు నచ్చదు. వెన్నలో వేయించితే మాత్రం అది పూర్తిగా వేరే ఆకు. వెన్న నురగ తగ్గి లేత గోధుమరంగుకు వచ్చినప్పుడు ఎనిమిది ఆకులు వేస్తే అర నిమిషంలో అప్పడంలా పెళుసవుతాయి. దీన్ని ఇటలీలోని టస్కనీ పద్ధతిలో ఉడికించిన తెల్ల చిక్కుడు గింజల మీద పోశాను. గింజలు ఉడికేటప్పుడే నీళ్లలో రెండు సేజ్ ఆకులు, ఒక వెల్లుల్లి వేశాను. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చిన పూట ఇది.

సేజ్ నుంచి ఒకేసారి మూడో వంతుకు మించి కోయకూడదు. ముదిరి కట్టెబారిన భాగంలోకి కత్తిరిస్తే అక్కడి నుంచి మళ్లీ చిగురించడం కష్టం. రోజ్‌మేరీకి, లావెండర్‌కు కూడా ఇదే జాగ్రత్త.

23వ వారం: దాచుకోవడం

ఒరేగానో మొగ్గ విప్పబోతోంది. నూనె అత్యధికంగా ఉండేది ఇప్పుడే. మంచు ఆరాక, ఎండ ముదరక ముందు కోశాను. తొంభై గ్రాముల రెమ్మలు గుత్తులుగా కట్టి నీడలో తలకిందులుగా వేలాడదీస్తే పది రోజులకు ఇరవై నాలుగు గ్రాములయ్యాయి, ఆకు మాత్రం దులిపితే పదిహేను. ఒరేగానో ఎండితే పచ్చిదానికన్నా గుండ్రంగా, తీయగా మారుతుంది. కొండ వరుసలో దాదాపు అన్నీ ఎండడానికి ఒప్పుకుంటాయి. తోట వరుసలోవి ఒప్పుకోవు. బేసిల్‌ను ఆలివ్ నూనెతో నూరి మంచు ట్రేలో గడ్డకట్టించాను. కోసిన బేసిల్‌ను పువ్వుల్లా గ్లాసు నీళ్లలో నిలబెట్టి బయటే ఉంచుతున్నాను. పార్స్లీని అలాగే గ్లాసులో, ఫ్రిజ్‌లో. రోజ్‌మేరీ, థైమ్ తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు నిలిచాయి.

ఒక హెచ్చరిక. పచ్చి ఆకులను, వెల్లుల్లిని నూనెలో ముంచి సీసాలో పెట్టి బయట ఉంచడం ప్రమాదకరం. గాలి అందని నూనెలో బొటులిజం కలిగించే బ్యాక్టీరియా పెరిగి విషం తయారు చేయగలదు. రంగు, వాసన ఏమీ మారవు. చేసుకుంటే ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో వాడేయాలి, లేదా గడ్డకట్టించాలి.

26వ వారం

నాలుగు రోజ్‌మేరీలూ ఒక్కో జానెడు ఎత్తుకు వచ్చాయి. కొసల్లో నీలిపచ్చ చిగుళ్లు. లాటిన్‌లో దాని పేరుకు సముద్రపు మంచుబిందువు అని అర్థం చెబుతారు. 2017లో వృక్షశాస్త్రజ్ఞులు దాన్ని సేజ్ ప్రజాతిలోకే చేర్చారు. కొండ వరుసలో పక్కపక్కన పెట్టిన ఆ రెండూ నిజంగానే తోబుట్టువులన్నమాట.

ఈ రోజు ఒక్కో మొక్క నుంచి ఒక్కో కొస గిల్లాను. నాలుగు కొసలు. ఫొకాచ్చా అనే ఇటలీ రొట్టె పిండిని వేళ్లతో గుంటలు పెట్టి, ఆలివ్ నూనె పోసి, ఆకులను నూనెలో తడిపి ఆ గుంటల్లో దూర్చాను, పైకి తేలితే మాడిపోతాయి. ఓవెన్‌లోంచి తీసేసరికి ఇల్లంతా పైన్ అడవిలా ఉంది. నాలుగో వారంలో చేతిలో జారిపోయిన ఆ కుళ్లిన వేరు గుర్తొచ్చి కాసేపు మాట్లాడలేకపోయాను.

బే ఈ ఇరవై ఆరు వారాల్లో ఏడు కొత్త ఆకులు వేసింది. ఒక్కటి కూడా కోయలేదు. వచ్చే నెల పెద్ద కుండీలోకి మార్చాలి. ఇసుక జల్లెడ పట్టి ఉంచాను.